అద్దె గది, ఒక సొరుగు నిండా వాచీలు

ప్రశ్న: మా తాతగారు పెట్టిన గడియారాల దుకాణం మాది. అమ్మకం తక్కువ, రిపేరు ఎక్కువ. ఒకే వీధిలో, ఒకే అద్దె గదిలో 64 ఏళ్లుగా నడుస్తోంది. నాన్నగారికి 71 ఏళ్లు. ఏడాదిగా కుడిచేయి సన్నగా వణుకుతోంది. పాత ఓనరుగారు పోయాక గది ఆయన కొడుకు చేతికి వచ్చింది. అద్దె దాదాపు రెట్టింపు ఇవ్వాలని, లేదంటే ఆరు నెలల్లో ఖాళీ చేయాలని అతను చెప్పాడు. తమ్ముడు దూరంగా ఉద్యోగంలో ఉన్నాడు. ‘మూసేద్దాం అక్కా, నాన్న ఇంకెన్నాళ్లు కూర్చుంటారు’ అంటాడు. వీధిలో వాళ్లేమో ‘ఇది మన వారసత్వం, మూయడానికి వీల్లేదు’ అంటూ సంతకాలు సేకరిస్తున్నారు. ఎవరు ఎదురైనా ‘నువ్వు చూసుకోవచ్చు కదమ్మా’ అని నన్నే అడుగుతున్నారు. నాకు ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. వాచీకి సెల్లు మార్చడం కూడా నాకు రాదు. నాన్నగారు మాత్రం ఏమీ మాట్లాడరు. రిపేరు పూర్తయినా ఎవరూ తిరిగొచ్చి తీసుకెళ్లని వాచీలు ఒక సొరుగు నిండా ఉన్నాయి. ప్రతి ఆదివారం కూర్చుని వాటికి కీ ఇస్తారు. పనిలో సాయానికి 19 ఏళ్లుగా ఒక అన్నయ్య ఉన్నాడు. అసలు ఒక చిన్న దుకాణాన్ని వారసత్వం అనడం సబబేనా? అయితే దాన్ని కాపాడటానికి నేను ఉద్యోగం మానేయాలా? మానకపోతే తాతగారి పేరు నా చేతుల్లో పోయినట్టేనా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.
— ఒక పాఠకురాలు

జవాబు: చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. మీ నిద్ర పాడుచేస్తున్నది అదే కాబట్టి. లేదమ్మా, మీరు ఉద్యోగం మానక్కర్లేదు. మానకపోయినంత మాత్రాన తాతగారి పేరు పోదు. ఇది మిమ్మల్ని ఊరడించడానికి చెబుతున్న మాట కాదు, ఎందుకో వివరంగా చెబుతాను.

మన భాషలో వారసత్వం అనే మాటకి రెండు అర్థాలున్నాయి. తండ్రి నుంచి పిల్లలకి వచ్చే ఆస్తి, అప్పు, బాధ్యత ఒక వారసత్వం. ఒక ఊరికో, వీధికో, జాతికో ఉమ్మడిగా చెందినది ఇంకో వారసత్వం. మీ వీధివాళ్లు రెండో అర్థంలో ‘ఇది మన వారసత్వం’ అంటున్నారు. బరువు ఎవరు మోయాలన్న దగ్గరికి వచ్చేసరికి మొదటి అర్థంలోకి వెళ్లిపోయి, రక్తసంబంధం ఉంది కాబట్టి మీ వైపు చూస్తున్నారు. వాళ్లకి చెడు ఉద్దేశం ఉందని నేననను. ఆ దుకాణం మీద ప్రేమ ఉండబట్టే సంతకాలు పెట్టించుకుంటున్నారు. కానీ అందరిదీ అన్నది ఒక్కరి మెడకు చుట్టడం న్యాయం కాదు. ఈ ముడి విప్పకుండా ముందుకు వెళితే మీరు ఏ నిర్ణయం తీసుకున్నా కుమిలిపోతారు.

ఇక, చిన్న దుకాణాన్ని వారసత్వం అనవచ్చా అని అడిగారు. తప్పకుండా అనవచ్చు. యునెస్కో 2003లో ఆమోదించిన ఒప్పందం ఒకటుంది, కట్టడాలకీ విగ్రహాలకీ సంబంధం లేని వారసత్వం గురించి. ఒక సమాజం తన సంస్కృతిలో భాగమని గుర్తించే అలవాట్లు, జ్ఞానం, నైపుణ్యాలు, వాటికి వాడే పనిముట్లు, అవి జరిగే చోట్లు అన్నీ అందులోకి వస్తాయి. గుర్తించాల్సింది సమాజమేనని అందులో ఉంది చూడండి, నాకు అది చాలా విలువైన మాటగా అనిపిస్తుంది. చేతిపని నైపుణ్యాన్ని ఆ ఒప్పందం విడిగా పేరు పెట్టి చెప్పింది. నాన్నగారి చేతిలో ఉన్నది అలాంటిదే.

నైపుణ్యం ఒక్కటే కాదు, ఇంకొకటీ ఉంది. నగరాల గురించి జీవితమంతా రాసిన జేన్ జేకబ్స్ 1961లో న్యూయార్క్‌లోని తన వీధి గురించి రాస్తూ తాళంచెవుల విషయం చెప్పింది. ఇంట్లో లేనప్పుడు చుట్టాలో స్నేహితులో వస్తే ఇమ్మని, ఆ వీధి జనం ఇంటి తాళంచెవి దుకాణదారు దగ్గర పెట్టి వెళ్లేవాళ్లట. ఆయన వాళ్లకి చుట్టం కాదు. అలాగని పరాయివాడూ కాదు. వాళ్ల సొంత విషయాల్లో తలదూర్చడు, కానీ నమ్మకంగా ఉంటాడు. ఇలాంటి సంబంధాన్ని ఏ ప్రభుత్వమూ ఆర్డరు వేసి తయారుచేయలేదు. ఏళ్ల తరబడి ఒకే మనిషి ఒకే గుమ్మం దగ్గర కనిపిస్తే అది దానంతటదే ఏర్పడుతుంది. మీ దుకాణానికి 64 ఏళ్లు. చనిపోయిన భర్త వాచీని తెచ్చి ‘ఇది మళ్లీ నడిపించండి’ అన్న మనిషి నాన్నగారికి ఒక్కరైనా తగిలి ఉండాలి. అలాంటి వస్తువుని ఎవరో తెలియని చేతుల్లో పెట్టబుద్ధి కాదు. మీ వీధివాళ్లు పోగొట్టుకుంటామని భయపడుతున్నది ఇదే అనుకుంటాను, వాళ్ల నోట ఆ మాట రాకపోయినా.

కాబట్టి అది వారసత్వమే. అయితే అందులో ఏది మిగలాలి? గదా, బోర్డా, చెక్క అల్మరాలా, పనా, నమ్మకమా, తాతగారి పేరా? ‘అన్నీ’ అని చటుక్కున అనేయకండి. అన్నీ కావాలని పట్టుబట్టి, ఏదీ మిగుల్చుకోలేని కుటుంబాలు ఉన్నాయి. జపాన్‌లో ఇసే అనే చోట ఒక పెద్ద దేవాలయం ఉంది. దాన్ని 20 ఏళ్లకోసారి పక్కనే ఉన్న స్థలంలో మొత్తం కొత్త కలపతో మళ్లీ కడతారు. 2013లో కట్టింది 62వసారి. కలప కొత్తదే, కానీ కట్టే విద్య వెయ్యేళ్ల నాటిది. 20 ఏళ్లకోసారి కట్టడం వల్ల పెద్ద వడ్రంగుల పక్కన కుర్రవాళ్లు నిలబడి నేర్చుకుంటారు, తర్వాతిసారికి వాళ్లే పెద్దలవుతారు. వాళ్లు ఏది మార్చవచ్చో ఏది మార్చకూడదో ముందే తేల్చుకున్నారు. మీరూ అలా తేల్చుకోవాలి. నా మటుకు నాకు మీ విషయంలో పని, నమ్మకం ముందు వస్తాయి. ఆ తర్వాత వీధి. ఆ తర్వాతే ఆ గది. నాన్నగారు వేరేలా అనుకోవచ్చు, అనుకుంటే ఆయన మాటే చెల్లాలి.

ఇక్కడ ఒక పెద్ద చిక్కుంది. పనీ నమ్మకమూ గాలిలో నిలబడవు, ఒక చోటు కావాలి. ఆ చోటు అద్దెది. చాలామంది ఈ విషయాన్ని చివరికి నెట్టేస్తారు, నేను దీనికే ఎక్కువ చోటు ఇస్తాను. ప్రపంచంలో చాలా చోట్ల పాత దుకాణాలు మూతపడటానికి గిరాకీ లేకపోవడం ఒక్కటే కారణం కాదు, అద్దె కాగితం గడువు తీరిపోవడం కూడా అంత పెద్ద కారణం.

స్పెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ 1985కి ముందు రాసుకున్న పాత అద్దె ఒప్పందాల్లో అద్దెలు ఎప్పటివో, చాలా తక్కువ. 1994లో వచ్చిన చట్టం వాటిలో చాలావాటికి 20 ఏళ్ల గడువు పెట్టింది. ఆ గడువు 2014 డిసెంబర్ 31న తీరింది. బార్సిలోనా, మాడ్రిడ్ లాంటి నగరాల్లో తరతరాల దుకాణాలు వరుసగా మూతపడ్డాయి. 20 ఏళ్ల ముందే తెలిసిన తేదీ అది! నాకు ఇందులో బాధ కలిగించేది ఇదే. ఎవరూ మోసం చేయలేదు, దాచలేదు. రేపు చూద్దాం అనుకుంటూ ఉండగానే ఆ రోజు వచ్చేసింది. ఆ తర్వాత బార్సిలోనా నగరపాలక సంస్థ 200 పైచిలుకు దుకాణాలను ముఖ్యమైనవిగా గుర్తించి, వాటి ముఖద్వారాలను, లోపలి అల్మరాలను, అలంకరణను చెరపకూడదని నియమం పెట్టింది. మంచి పనే. అయితే అందులో ఏ వ్యాపారం నడవాలన్నది ఆ నియమం చేతిలో లేదు. పాత చెక్కబోర్డు అలాగే ఉంటుంది, లోపల వేరే ఎవరో వేరేదేదో అమ్ముతుంటారు. గూడు మిగిలింది, పిట్ట ఎగిరిపోయింది.

శాన్ ఫ్రాన్సిస్కోలో వేరే దారి పట్టారు. 2015 నవంబర్‌లో అక్కడి ఓటర్లు ఒక ప్రతిపాదనని గెలిపించారు. 30 ఏళ్లు దాటి, తమ వీధి చరిత్రకీ గుర్తింపుకీ తోడ్పడిన వ్యాపారాలను ఒక జాబితాలో చేర్చి, వాటికి ఆర్థిక సాయం చేసే పథకం అది. ఖాళీ చేయాల్సిన ప్రమాదం ఉంటే 20 ఏళ్లు దాటినా సరిపోతుంది. అందులో నాకు బాగా నచ్చినది, సాయం రెండు వైపులా పెట్టడం. దుకాణం నడిపేవాళ్లకి కొంత. వాళ్లకి పదేళ్లో అంతకంటే ఎక్కువో లీజు రాసిచ్చే ఓనరుకీ కొంత. ఓనరుని దుర్మార్గుడిగా చూడకుండా, అతనికీ ఇందులో లాభం కనిపించేలా చేశారు. పోర్చుగల్ 2017లో ఏకంగా దేశమంతటికీ వర్తించే చట్టం తెచ్చింది. చారిత్రక, సాంస్కృతిక విలువ ఉందని గుర్తించిన దుకాణాల అద్దె ఒప్పందాలకు కొన్నేళ్ల రక్షణ ఇచ్చింది. దక్షిణ కొరియా 2018 నుంచి 30 ఏళ్లు దాటిన చిన్న వ్యాపారాలను ఎంపికచేసి ‘వందేళ్ల దుకాణం’ అని పేరు పెట్టి ప్రోత్సహిస్తోంది. అంటే ఇప్పటిదాకా నడిచింది, వందేళ్లు నడవాలి అని.

ఇవన్నీ మీకు అక్కరకి వచ్చే చట్టాలని చెప్పడం లేదు. మీ చోట ఏ నియమాలున్నాయో, అద్దె ఎంతవరకు పెంచవచ్చో, ఖాళీ చేయించడానికి ఎంత గడువు ఇవ్వాలో అద్దె కేసులు చూసే లాయరుని ఈ వారంలోనే కలిసి తెలుసుకోండి. పాత ఒప్పందం కాగితం ఎక్కడుందో వెతకండి. కాగితమే లేకపోతే ఇన్నేళ్ల అద్దె రసీదులు తీయండి. ఆరు నెలలు అన్నది అతని నోటిమాటా, రాతపూర్వకమైన నోటీసా? రెండింటికీ తేడా ఉంటుంది.

ఓనరు కొడుకుతో మాట్లాడేటప్పుడు సంతకాల కాగితం ముందు పెట్టకండి. అది బెదిరింపులా కనిపిస్తుంది. దానికి బదులు దుకాణం లెక్కలు పట్టుకెళ్లండి. గత మూడేళ్లలో నెలనెలా ఎంత వచ్చింది, అందులో అద్దెకి ఎంత పోయింది, ఎంత పెంచితే తట్టుకోగలరు, ఎంత దాటితే తలుపులు మూయాల్సిందే అన్నది ఒక కాగితం మీద ఉంటే మాట్లాడటం తేలికవుతుంది. ఒక్కసారే రెట్టింపు కాకుండా నాలుగైదేళ్లలో మెట్టుమెట్టుగా పెంచుకోమని అడగండి. బదులుగా పదేళ్లు ఇక్కడే ఉంటామని, ప్రతి నెలా ఫలానా తేదీకి అద్దె అందుతుందని రాసివ్వండి. కొత్తవాళ్లు ఎక్కువ అద్దెకి వచ్చి ఏడాదికే వెళ్లిపోతే, గది ఖాళీగా ఉన్న నెలలు అతనికి నష్టమే. 64 ఏళ్లు అద్దె కట్టిన కుటుంబం ఎంత నమ్మకమైనదో అతనికీ తెలుసు, ఒకసారి గుర్తుచేస్తే చాలు. గదిలో సగం వదులుకోవడానికి మీరు సిద్ధమా? గడియారాల పనికి ఒక బల్ల, ఒక అల్మరా, మంచి వెలుతురు ఉంటే సరిపోతాయి. అదీ కుదరకపోతే అదే వీధిలో చిన్న గది చూడండి. నాలుగు గుమ్మాల అవతలికి మారితే నమ్మకం మారదు. ఊరి అవతలికి మారితే చాలావరకు పోతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం దగ్గరికి వస్తాను. ‘పనిలో సాయానికి 19 ఏళ్లుగా ఒక అన్నయ్య ఉన్నాడు.’ ఇంత పెద్ద ఉత్తరంలో ఆయన గురించి ఒక్క వాక్యమే ఉంది. ఓనరు గురించి, తమ్ముడి గురించి, వీధి గురించి అంతకంటే ఎక్కువ రాశారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, ఇంట్లోవాళ్లలా కలిసిపోయినవాళ్లు లెక్కలోకి రాకపోవడం ఎక్కడైనా జరిగేదే. కానీ ఆలోచించండి. నాన్నగారి పక్కన 19 ఏళ్లు కూర్చుని, ఆయన చేతిని చూసి పని నేర్చుకున్న మనిషి ఆయన. ఏ పాత గడియారానికి ఏ చక్రం అరుగుతుందో, ఏ విడిభాగం ఎక్కడ దొరుకుతుందో తెలుసు. వచ్చేవాళ్ల మొహాలు, పేర్లు తెలుసు. ఆ పనికి వారసుడు మీ ఇంట్లో లేడని మీరు బాధపడుతున్నారు. దుకాణంలో ఉన్నాడు కదమ్మా.

ఇది వింతేమీ కాదు. జపాన్‌లో గుళ్లు కట్టే కొంగో గుమి అనే సంస్థ క్రీ.శ. 578లో మొదలైంది. ఒకే కుటుంబం 1400 ఏళ్లకు పైగా నడిపింది. అంతకాలం కొడుకులే నడిపారనుకుంటే పొరపాటు. కొడుకు లేకపోతే, ఉన్నా పనికి తగినవాడు కాకపోతే, అల్లుడిని దత్తత తీసుకుని ఇంటిపేరు ఇచ్చి పగ్గాలు అప్పగించేవాళ్లు. 1930లలో 38వ తరానికి ఒక స్త్రీ పగ్గాలు పట్టింది. చివరికి 2006లో ఆ సంస్థ వేరే నిర్మాణ సంస్థ చేతికి వెళ్లింది. కారణం పని చేతకాకపోవడం కాదు. భూముల ధరలు పెరుగుతున్న రోజుల్లో అప్పుచేసి భూములు కొని, ధరలు పడిపోయాక ఆ అప్పు కింద కూరుకుపోయారు. పేరు, వడ్రంగుల పని ఇంకా సాగుతూనే ఉన్నాయి. జపాన్‌లోనే 705లో మొదలైన కెయున్‌కాన్ అనే వేడినీటి బుగ్గల సత్రం ఉంది. 50 తరాలు దాటాక కుటుంబంలో నడిపేవాళ్లు లేకపోయారు. 2017లో ఏళ్ల తరబడి అక్కడే పనిచేసిన మేనేజరు దాన్ని చేపట్టాడు. సత్రం నడుస్తోంది.

జపాన్‌లో ఈ సమస్య ఎంత పెద్దదంటే, 2025 నాటికి 70 ఏళ్లు దాటే చిన్న, మధ్యతరహా వ్యాపార యజమానులు సుమారు 24.5 లక్షల మంది ఉంటారని, వాళ్లలో దాదాపు సగం మందికి తర్వాత ఎవరన్నది తేలలేదని అక్కడి ప్రభుత్వమే అంచనా వేసింది. అంటే మీ ఇంట్లో జరుగుతున్నది మీ ఒక్కరి వైఫల్యం కాదు. పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి వెళ్లిన ప్రతి చోటా ఇదే ప్రశ్న వస్తోంది. మిమ్మల్ని చదివించడానికి నాన్నగారు ఆ దుకాణంలో కూర్చున్నారు. మీరు చదువుకుని ఉద్యోగంలో ఉన్నారంటే ఆయన అనుకున్నదే జరిగింది.

అన్నయ్యని విడిగా కూర్చోబెట్టి అడగండి. ‘మీకు నడపాలని ఉందా?’ అని. లేదనే హక్కు ఆయనకి ఉంది, ఆ జవాబు వస్తే మొహం చిన్నబుచ్చుకోకండి. ఉందంటే మాత్రం జీతం పెంచి ‘చూసుకో’ అనేస్తే సరిపోదు. వాటా ఇవ్వండి. రాతపూర్వకంగా, ఇన్నేళ్లలో ఇంత వాటా ఆయనకి మారుతుంది, లాభంలో ఇంత ఆయనది, పేరు వాడుకునే హక్కు ఇలా, మధ్యలో విడిపోవాల్సి వస్తే ఇలా అని రాసుకోండి. తాతగారి పేరు బోర్డు మీద ఉండాలనుకుంటే అదీ అందులో రాయండి. ఇలాంటి విషయాలు నోటిమాట మీద వదిలేస్తే, మంచివాళ్ల మధ్యే తగాదాలు వస్తాయి. తమ్ముడికి కూడా ఆ కాగితం ముందే చూపించండి. ఆస్తి చేయి దాటిపోతోందేమో అన్న బెంగ అతనికి వస్తే, అది అసహజం కాదు.

నాన్నగారి చేయి వణుకుతోందన్నారు. ముందు డాక్టరుకి చూపించండి. వయసు వల్ల అని ఇంట్లోనే తేల్చేయకండి, వణుకుకి చాలా కారణాలుంటాయి, కొన్నింటికి మంచి మందులున్నాయి. ఆ తర్వాత సంగతి, చేయి వణికినా కన్నూ చెవీ పనిచేస్తున్నాయి కదా. గడియారం శబ్దం విని జబ్బు చెప్పగల మనిషి పక్కన కూర్చుని చెబుతుంటే, అన్నయ్య చేత్తో చేస్తే, అది ఆయన్ని పక్కన పెట్టడం అవ్వదు. ఆయనకి గురువు స్థానం అది. అలా చేసేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. మొహం మీద కాదు, చేతుల మీద పెట్టండి కెమెరా. ఏ పనిముట్టు ఎందుకు తీసుకున్నారో, ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో అడుగుతూ ఉండండి. చేతిపని తెలిసినవాళ్లు తమకు తెలిసినదాంట్లో సగం ‘ఇందులో చెప్పడానికేముంది’ అని వదిలేస్తారు. మీలాంటి పని రానివాళ్లు అడిగే ప్రశ్నలకే అది బయటికి వస్తుంది. సెల్లు మార్చడం రాదని సిగ్గుపడ్డారు కదా, ఇక్కడ అదే మీ బలం.

వీధివాళ్ల సంగతి. సంతకాలు పెట్టిన ఒక్కొక్కరినీ ప్రేమగా అడగండి, ‘మీరు ఏం చేయగలరు?’ అని. ఇంట్లో ఆగిపోయిన గోడ గడియారం ఉందా, తెచ్చి ఇవ్వండి. లెక్కలు రాయడం వచ్చిన వాళ్లు నెలకి ఒక పూట లెక్కలు చూడవచ్చు. ఓనరు కుటుంబంతో చనువున్న పెద్దమనిషి మధ్యవర్తిగా రావచ్చు. పని నేర్చుకుంటానన్న కుర్రాడినో అమ్మాయినో పంపవచ్చు. మొదటి ఏడాది అద్దెలో పెరిగిన మొత్తానికి కొంతమంది రాబోయే రిపేర్ల డబ్బు ముందే ఇవ్వవచ్చు. ఇంగ్లాండ్‌లో 2011లో వచ్చిన ఒక చట్టం ప్రకారం స్థానికులు తమకు ముఖ్యమైన దుకాణాన్నో భవనాన్నో ‘సమాజానికి విలువైన ఆస్తి’గా నమోదు చేయించుకోవచ్చు. యజమాని దాన్ని అమ్మాలనుకుంటే, కొనడానికి డబ్బు కూడగట్టుకునేందుకు స్థానికులకి ఆరు నెలల గడువు అడిగే వీలుంటుంది. వాళ్లకే అమ్మాలన్న బలవంతం లేదు, గడువు మాత్రమే. అయినా ఆ దేశంలో ఊరివాళ్లు తలా కొంత వాటా వేసుకుని సొంతంగా నడుపుకుంటున్న దుకాణాలు వందల సంఖ్యలో ఉన్నాయి. గల్లా పెట్టె దగ్గర వంతులవారీగా ఊరివాళ్లే కూర్చుంటారు. మన వారసత్వం అన్నవాళ్లు మనది అన్నట్టే నడుచుకుంటే ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి ఇది రాస్తున్నాను. పదిమంది ముందుకొస్తే మీ బరువు సగానికి పైగా తగ్గుతుంది. ఎవరూ రాకపోతే, ఆ తర్వాత ‘నువ్వు చూసుకోవచ్చు కదమ్మా’ అన్న మాటకి మీరు తలవంచుకోనక్కర్లేదు.

తమ్ముడిని శత్రువుని చేసుకోకండి. అతను నాన్నగారి విశ్రాంతి గురించి మాట్లాడుతున్నాడు, అది కూడా ప్రేమే. అతనితో ఒక గడువు పెట్టుకోండి. ఏడాదిన్నర అనుకుందాం. ఇంటి డబ్బు ఇంతకు మించి పెట్టం, అప్పు అసలు చేయం, గడువు చివర లెక్కలు చూసి ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం అని. అప్పు మాట గట్టిగా చెబుతున్నాను. పాత పేరు మీద అభిమానంతో ఇల్లు తాకట్టు పెట్టి దుకాణం నిలపాలని చూస్తే రెండూ పోతాయి. కొంగో గుమిని 1400 ఏళ్ల పేరు కూడా అప్పు నుంచి కాపాడలేకపోయింది.

అన్ని ప్రయత్నాలూ చేశాక కూడా మూయాల్సి వస్తే? రావచ్చు. అప్పుడు కూడా చేయగలిగినది చాలా ఉంది. రాత్రికి రాత్రి షట్టర్ దించేయకండి. రెండు మూడు నెలల ముందే తేదీ చెప్పండి. ఎవరి వస్తువులు వాళ్లకి చేర్చండి. పనిముట్లు ఎవరి చేతుల్లో మళ్లీ పనిచేస్తాయో చూసి వాళ్లకి ఇవ్వండి, తూకానికి వేయకండి. పాత ఖాతా పుస్తకాలు, బిల్లులు, ఫొటోలు, బోర్డు దగ్గరలోని మ్యూజియానికో, గ్రంథాలయానికో, కళాశాల చరిత్ర విభాగానికో అప్పగించండి. 64 ఏళ్ల బిల్లు పుస్తకాల్లో ఒక వీధి జీవితం ఉంటుంది. ఏ ఏడు గోడ గడియారాలు తగ్గాయి, ఎప్పుడు సెల్లు వాచీలు వచ్చాయి, పెళ్లిళ్ల కాలంలో ఏం కొన్నారు, కష్టకాలంలో ఎవరు ఏం అరువు పెట్టారు. చరిత్ర రాసేవాళ్లకి అలాంటివి దొరకవు, ఎందుకంటే దుకాణం ఖాళీ చేసేటప్పుడు మొదట చెత్తలోకి వెళ్లేవి అవే. ఇప్పుడే వాటిని ఒక పెట్టెలో పెట్టి తడి తగలని చోట ఉంచండి. దుకాణం నిలిచినా నిలవకపోయినా ఆ పెట్టె కావాలి.

నాన్నగారి మౌనం గురించి మీరు పైపైన రాశారు, నాకు మాత్రం అదే ఎక్కువ వినిపించింది. ఆయన్ని ఎవరైనా అడిగారా? ‘మూసేద్దామా నాన్నా’ అనో ‘ఎలాగైనా నడుపుదాం’ అనో కాకుండా, ఊరికే అడిగారా? మీ ముందు తన ఇష్టం చెబితే మీరు ఉద్యోగం మానేస్తారేమోనని ఆయన భయపడుతుండవచ్చు. ముందు ఆ భయం తీర్చండి. ‘నేను ఉద్యోగం మానను నాన్నా, ఆ విషయం తేలిపోయింది’ అని స్పష్టంగా చెప్పండి. అప్పుడు అడగండి, ఈ దుకాణంలో ఏది మిగలాలని ఉంది అని. వెంటనే జవాబు రాకపోవచ్చు. తొందరపెట్టకండి.

దానికి ఆ సొరుగు మంచి అదను అనిపిస్తోంది. వచ్చే ఆదివారం ఆయన వాచీలకి కీ ఇచ్చే వేళకి మీరూ వెళ్లండి. ఒక తెల్ల కాగితాల పుస్తకం తీసుకెళ్లండి. ఒక్కో వాచీ ఎవరిది, ఎప్పుడు ఇచ్చారు, ఏం పాడైంది, ఏం చేస్తే నడిచింది, ఇప్పుడు ఆ కుటుంబం ఎక్కడుంది అని అడగండి. కొందరి పిల్లలు ఇంకా ఆ వీధిలోనే ఉండి ఉంటారు, సంతకాల కాగితంలో వాళ్ల పేర్లు వెతకండి. ఫోన్ చేసి ‘మీ నాన్నగారి వాచీ మా దగ్గర నడుస్తూ ఉంది, వచ్చి తీసుకెళ్లండి’ అని చెప్పండి. అన్నయ్యని కూడా ఆ పూట రమ్మనండి. ఈసారి కీ ఆయన ఇస్తారు, నాన్నగారు చెబుతుంటారు, మీరు రాసుకుంటారు.